పడవ ముక్కు లేపండి

"పడవను ముంచింది మీరు! పదహారు మంది కూసునే దాంట్ల ఇరవై రెండు టికెట్లు చింపింది మీరు! నీళ్ళు యాడికెల్లి వచ్చినయో చూడకుండనే కాయితం టైపు గొట్టించింది మీరు! సంతకం మాత్రం మా తమ్ముడు పెట్టాల్నా? ఇదేం నాయమయ్యా, ఇదేం నాయం!"

ఇంత మాటా నర్సింహమ్మ వెల్లకిలా పడుకునే అరిచింది. వీపు కింద గోనెసంచి, ముఖానికి మూరెడు ఎత్తులో, రెండు చక్రాల బండి మీదున్న పడవ అడుగు. అరుపు ఆ పడవ పొట్టకి కొట్టుకుని మళ్ళీ తన నోట్లోకే వచ్చి పడ్డట్టయింది. అయినా వినాల్సినవాడు విన్నాడు. నీలవేణి బోటింగ్ కంపెనీ సూపర్‌వైజరు బుచ్చిబాబు రిపేరు షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని, ఫైలు మీద మిర్చిబజ్జీల పొట్లం పెట్టుకుని కూర్చున్నాడు. "అరవకమ్మా, నీకే బీపీ వస్తుంది. ఐదింటిదాకా టైమిచ్చాను కదా, ఇంకా గంటుంది. నీళ్ళు పోసుకో, రంగు కలుపుకో, కావాలంటే చేపలు కూడా పెంచుకో. ఐదవగానే మీవాడు సంతకం పెట్టాలి, అంతే" అన్నాడు.

గంట. గంట తక్కువేం కాదు. చిక్కడపల్లి మార్కెట్టు దగ్గర తన పంక్చరు దుకాణంలో గంటకి ఆరు ట్యూబులు అతికిన చెయ్యి ఇది. ట్యూబుని నీళ్ళ తొట్లో ముంచితే బొక్క ఉన్నచోట బుడగ లేస్తుంది. అది దాగదు, అబద్ధమాడదు, ఎవరికీ భయపడదు. పడవకైతే లెక్క తిరగబడుతుంది, అంతే తేడా. చెరువులో నీళ్ళు పడవలోకి ఏ దారిన వచ్చాయో, పడవలో పోసిన నీళ్ళు ఆ దారినే బయటికి రావాలి. ఇదేమన్నా ఇంజనీరింగు కాలేజీలో చెప్పే పాఠమా? కుండ పగిలిందో లేదో చూడటానికి కుండలో నీళ్ళే కదా పోస్తారు. అందుకే ముప్పై బిందెల నీళ్ళు పడవ వెనక భాగంలో పోయించింది. ఆదివారం కూలీల అడ్డా మీద పని దొరకని ఆడవాళ్ళు ఐదుగురు, ముందు హనుమమ్మ, వెనక మిగిలినవాళ్ళు, పక్క కట్టెల డిపో తొట్టి నుంచి మోసి పోశారు. నీళ్ళలో కిరాణా కొట్టు నుంచి తెచ్చిన నీలిమందు నాలుగు పొట్లాలు గుమ్మరించింది. తెల్లచొక్కాలకి పెట్టే నీలం. ఇక ఎక్కడైనా ఒక్క నీలిచుక్క కారితే చాలు, చాలు, ఆ చుక్కే సాక్షి. కోర్టులో నిలబెట్టాల్సిన సాక్షి.

రాదేం? రా. రావే నా తల్లీ. నీలిచుక్కా, రా.

కళ్ళు పడవ వెనకగోడ మీద. ఆ గోడకి వేలాడుతూ ఏనుగు కాలంత లెగ్గు, దాని చివర పంకా. ఈ పడవ నడిపే తమ్ముడు ఎల్లేష్ దీన్ని స్టెర్న్ డ్రైవ్ అంటాడు. మొదటిసారి విన్నప్పుడు అదేదో ఇంగ్లీషు మందు పేరనుకుంది. ఇప్పుడు పొద్దుటినుంచీ దాన్ని విప్పి, తడిమి, వాసన చూసి, తన పద్ధతిలో తాను అర్థం చేసుకుంది. ఇంజను పడవ లోపల ఉంటుంది, కాలు బయట ఉంటుంది, మధ్యలో గోడ. గోడకి పెద్ద బొక్క కొట్టి, బొక్క చుట్టూ ఇనుప చట్రం బిగించి, ఆ చట్రంలోంచి ఇరుసుని బయటికి పంపారు. పడవకి బొక్క కొట్టి మరీ నడపడమేంది, పిచ్చోళ్ళా అని ముందు నవ్వింది. నవ్వి, మళ్ళీ ఆశ్చర్యపోయింది. ఇరుసు చుట్టూ మడతలు మడతలుగా రబ్బరు గొట్టం, హార్మోనియం తిత్తిలా. కాలు ఎడమకి తిరిగితే తిత్తి ఒకపక్క మూసుకుంటుంది, రెండోపక్క తెరుచుకుంటుంది, ఎటు తిరిగినా నీళ్ళని మాత్రం లోపలికి రానివ్వదు. ఎవడు కనిపెట్టాడో కానీ మొగోడు! రబ్బరుతో ఇంత పని చేయించొచ్చని పన్నెండేళ్ళుగా రబ్బరు గీకుతున్న తనకే తెలియదు. గుండె ఎగిరింది. ఇంత కష్టంలో కూడా ఎగిరింది. సిగ్గు లేని గుండె, కొత్త రబ్బరు కనబడితే చాలు.

కంపెనీవాళ్ళు ముందు ఆ రబ్బరే పోయిందన్నారు. రబ్బరు బొంబాయి నుంచి రావాలి, రెండు నెలలు పడుతుందన్నారు. తర్వాత పేపర్లో వార్త పడేసరికి మాట మార్చారు. రబ్బరు కాదు, డ్రైవరు అడుగు బిరడా పెట్టడం మరిచాడన్నారు. పడవని ఒడ్డుకి లాగినప్పుడు లోపలి వాన నీళ్ళు పోవడానికి అడుగున చిన్న బిరడా తీస్తారు. నీళ్ళలోకి దింపేముందు మళ్ళీ బిగించాలి. బిరడా మరిచిన డ్రైవరంటే పసిపిల్లని మార్కెట్టులో మరిచిన తల్లి లాంటివాడు, ఎవడూ ఒక్క మాట వెనకేసుకురాడు. పోయిన ఆదివారం సాయంత్రం, నెలన్నర ముసురు తర్వాత ఎండ కాసిన మొదటి ఆదివారం, సాగర్ ఒడ్డున జనం తిరునాళ్ళలా ఉన్నారు. ఇరవై రెండు మందిని ఎక్కించారు. చెరువు నడుమకి పోయేసరికి వెనక సీట్లో వాళ్ళ చెప్పులు తేలాయి. ఎల్లేష్ ఇంజను గొంతు చించుకునేలా తొక్కి పడవని ఒడ్డుకి తెచ్చి పడేశాడు. ఒక్క ప్రాణం పోలేదు. దిగేటప్పుడు తొక్కిసలాటలో ఒక ముసలామె మోచెయ్యి విరిగింది. ఇరవై రెండు ప్రాణాలు మోసుకొచ్చిన సంగతి ఎవడూ రాయలేదు, ఆ మోచెయ్యి మాత్రం కాయితం మీదికెక్కింది. 'నా నిర్లక్ష్యం వలన' అని మొదలవుతుంది ఆ కాయితం. సంతకం పెడితే లైసెన్సు పోతుంది, మోచేతి కేసు వీడి మీద పడుతుంది, కంపెనీ చేతులు కడుక్కుంటుంది.

బిరడా పెట్టినవా తమ్మీ అని ఆరోజు రాత్రే అడిగింది. పెట్టిన అక్కా, తిప్పి చూసిన గూడ అన్నాడు. అన్నాడు కానీ కళ్ళు పక్కకి పోయాయి. ఆ కళ్ళు పక్కకి పోవడం తనకి తెలుసు. నర్సింహమ్మని ఇప్పుడు తొలుస్తున్నది బుచ్చిబాబు కాదు, ఆ కళ్ళే. వీడికి ఎనిమిదేళ్ళప్పుడు కోళ్ళగూడు తలుపు వెయ్యమంటే వేశానన్నాడు. తెల్లారి చూస్తే ఈకలు. ఏడు కోళ్ళు. అమ్మ మన్ను తిన్నట్టు కూర్చుంది, తాను చెంప పగలగొట్టింది, వీడు అప్పుడూ వేసిన అక్కా, గొళ్ళెం గూడ పెట్టిన అని ఏడ్చాడు. అబద్ధమో నిజమో ఇప్పటికీ తెలియదు. పాలమూరు బస్సు దిగి ఈ ఊరికి వచ్చిన కొత్తలో పన్నెండేళ్ళవాడు, బియ్యం సంచిని బస్సు పైనే మరిచాడు. మరపు వీడి రక్తంలోనే ఉంది. అందుకే ఈ గంట ఇంత పెద్దది. రబ్బరు మంచిదే అని తేలింది. సబ్బు నురగ పూసి, సైకిలు పంపుతో గాలి కొట్టి, కాలుని ఎడమకి తిప్పి, కుడికి తిప్పి, పైకి లేపి, ఒక్కో మడతలో వేలు పెట్టి చూసింది. ఒక్క బుడగ లేవలేదు. గేరు తీగ వెళ్ళే చిన్న గొట్టం కూడా అంతే. ఇంజనుకి చల్లనీళ్ళు తెచ్చే పైపుకి బకెట్టు పెట్టి పది నిమిషాలు ఇంజను తిప్పించింది, లోపల తడి లేదు. తప్పులన్నీ ఒక్కొక్కటే తప్పుకుంటుంటే చివరికి మిగిలేది బిరడానే. నీలిచుక్క ఎక్కడా రాకపోతే తన చేత్తో తాను తమ్ముడి మీద నేరం రుజువు చేసినట్టు. అందరి ముందరా, నీలిమందు పోసి మరీ.

పడవ అడుగు పొడిగా ఉంది. బిరడా చుట్టూ పొడి. లెగ్గు మొదట్లో పొడి. ఒళ్ళు మండేంత పొడి.

బయట సందులో ఎవరో కుర్రాళ్ళు గట్టిగా ప్రశ్నలు అప్పజెప్పుకుంటూ పోతున్నారు. తుంగభద్ర ఏ నదికి ఉపనది, చంబల్ ఏ నదికి ఉపనది. అశోక్‌నగర్ హాస్టళ్ళ పిల్లలు, లైబ్రరీలో పొద్దున కూర్చుంటే సాయంత్రానికి లేస్తారు. వాళ్ళ అద్దె సైకిళ్ళన్నీ తన దగ్గరికే వస్తాయి. అమ్మా, గ్రూపుల్లో ఉద్యోగం రాగానే నీకు పక్కా దుకాణం ఇప్పిస్తానని ఇప్పటికి ఏడుగురు మాట ఇచ్చారు. నదులన్నీ తెలుసు ఆ పిల్లలకి. ఈ పడవలోకి నీళ్ళెలా వచ్చాయో చెప్పగలరా? నవ్వొచ్చింది. చదువుకున్న బుచ్చిబాబు చూడలేదు. కంపెనీ పిలిపించిన ఇంజనీరు స్కూటరు దిగకుండానే బిరడా అన్నాడట. దిగితే చొక్కా నలుగుతుంది. ఈ ఊళ్ళో ఏదన్నా కారుతుంటే ఎవడూ వంగి చూడడు, కింద ఉన్నవాడి మీద రాస్తాడు. నాలా పొంగి గుడిసెల్లోకి నీళ్ళొచ్చిన ఏడు కూడా మీరు చెత్త వేశారు అందుకే అన్నారు. తాను గడ్డపార పట్టుకుని నాలా వెంట నడిచి, ఎవరో పెద్దమనిషి తన ఇంటి గోడ కోసం నాలాని సగం పూడ్చిన చోటు చూపించి, అక్కడే కూర్చుని, వార్డు ఆఫీసరు వచ్చేదాకా లేవలేదు. కూర్చుంటే పనులవుతాయి. పడుకుంటే అవుతాయా? ఇదిగో పడుకునే ఉంది. నడుం పట్టేసింది. లేవదు.

టప్.

నుదుటి మీద. చల్లగా. "పడ్డది! హనుమమ్మా, పడ్డది!" అని అరిచేసింది. హనుమమ్మ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి పడవ కిందికి దూరింది. ఎల్లేష్ పైనుంచి తల వంచాడు. బుచ్చిబాబు బజ్జీ నోట్లో పెట్టుకునే లేచాడు. నర్సింహమ్మ నుదుటిని వేలితో తుడిచి వెలుగులో పెట్టి చూసింది. నల్లగా, జిడ్డుగా. గేరు నూనె. లెగ్గు విప్పి మళ్ళీ బిగించినప్పుడు మిగిలిన బొట్టు.

"నీలం కాదమ్మా అది" అన్నాడు బుచ్చిబాబు, మళ్ళీ కూర్చుంటూ. "నలుపు. మీవాడి రాతలాగ."

"నీ బజ్జీల నూనె గూడ గదే రంగుంటది సారూ, జర చూసుకోని తిను" అంది హనుమమ్మ. ఆడవాళ్ళు నవ్వారు. నర్సింహమ్మ నవ్వలేదు. సంతోషానికి ఎగిరిన గుండె కింద పడటానికి చోటు దొరక్క కొట్టుకుంటోంది. ఎంతయింది టైము? వెంకటేశ్వరస్వామి గుడిలో గంట కొట్టారు, సాయంత్రం తలుపులు తీసినట్టున్నారు. క్రాస్‌రోడ్డు థియేటర్లలో మ్యాట్నీ ఇంటర్వెల్ అయి చాలాసేపయి ఉంటుంది. ముప్పావు గంట పోయింది. పావు గంట మిగిలింది.

ఎల్లేష్ పడవ దిగి వచ్చి ఆమె తల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళొచ్చినా గోళ్ళు కొరకడం మానలేదు. తర్వాత చాలా మెల్లగా, బుచ్చిబాబుకి వినబడకుండా, "అక్కా, నేను బిరడా పెట్టిన్నో లేదో నాకే అనుమానమొస్తున్నదే" అన్నాడు.

"ఏందిరా?"

"పొద్దు పొద్దున్నే పెడ్త గదా. రోజూ పెడ్త. ఆ రోజు పెట్టింది యాదికొస్తున్నదో, అంతకు ముందు రోజుది యాదికొస్తున్నదో తెలుస్తలేదు. వారం సంది గదే చెప్తున్నరు గదక్కా అందరు, మరిచినవ్ మరిచినవ్ అని. మరిచిన్నేమో. సంతకం పెడ్తలే. పోనీ. నిన్ను గిట్ల మట్టిల పండవెట్టుడు నాకు మంచిగనిపిస్తలేదు."

చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా, పడవ అడుక్కి తగిలి ఆగిపోయింది. ఆ ఏడు కోళ్ళప్పుడు కొట్టిన దెబ్బే ఇది, అప్పుడే పడింది, ఇప్పుడు పండింది. తప్పు నీదే నీదే అని చిన్నప్పుడు ఇంట్లో తాను చెప్పింది, పెద్దయ్యాక కంపెనీ చెబుతోంది, వాడు నమ్మేశాడు. తన జ్ఞాపకాన్ని తానే నమ్మని మనిషిని తయారు చేశాం. వాడు మరిచాడా? మరిచి ఉంటే? ఆగు, ఆలోచించు. ఏడవకు, ఆలోచించు. బిరడా లేకపోతే నీళ్ళు ఎప్పుడు రావాలి? పడవ దించిన నిమిషం నుంచే రావాలి. అడుగున బొక్క, ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే బొక్క. "ఆ రోజు పొద్దటికెల్లి ఎన్ని ట్రిప్పులు గొట్టినవ్ రా?" అని అడిగింది. "తొమ్మిది. సాయంత్రంది పదోది" అన్నాడు. తొమ్మిది ట్రిప్పులకి చెప్పు తడవలేదా? "తడవలే. ఆరుగురు, ఏడుగురే ఎక్కిన్రు అప్పుడు. ఎండెక్కువుండె." తొమ్మిది ట్రిప్పులు పొడి. పదోది నీళ్ళు. పదోదానికి ఏం మారింది? పడవ అదే, చెరువు అదే, బిరడా ఉంటే ఉంది, లేకపోతే లేదు. మారింది మనుషులు. ఇరవై రెండు మంది. బరువు. బరువు!

బరువు అన్న మాట తలలో పడగానే ఈదయ్య రిక్షా వచ్చి నిలబడింది. చచ్చిపోయిన మొగుడు కాదు, వాడి రిక్షా. వెనక చక్రం, ఎర్ర ట్యూబు. మూడు రోజులు ఆ ట్యూబు తనని ఏడిపించింది. తొట్లో ముంచితే బుడగ లేదు. రాత్రంతా నిలబెడితే గాలి దిగదు. పొద్దున ముషీరాబాదుకి సవారీ ఎక్కగానే చక్రం చప్పగా అయిపోయేది. ఈదయ్య తాగొచ్చి నీకు పని రాదే అని తిట్టేవాడు. నాలుగో రోజు కోపంతో రిక్షాలో రెండు సిమెంటు బస్తాలు, వాటి మీద ఈదయ్యని ఎక్కించి, చక్రం పక్కన చెవి పెట్టి పడుకుంది, ఇప్పుడు పడుకున్నట్టే. అప్పుడు వినబడింది, సన్నగా, పాము బుసలా. వాల్వు మొదట్లో చీలిక. ఖాళీగా ఉంటే మూసుకుంటుంది, బరువు పడితే నోరు తెరుస్తుంది. ఆ రోజు ఎంత అరిచింది సంతోషంతో! చిక్కడపల్లి చౌరస్తాలో సగం మంది తిరిగి చూశారు. ఆ రోజుతోనే దుకాణం తనదయింది, తిట్లు ఈదయ్యవి మిగిలాయి.

ఇక్కడ తానేం చేసింది? ఖాళీ పడవకి నీళ్ళు పోసింది. ముప్పై బిందెలంటే పడవలో జానెడు లోతు. అంటే ఆరుగురు ఎక్కిన పడవ ఎంత మునుగుతుందో అంత. తొమ్మిది ట్రిప్పుల పడవని పరీక్ష చేస్తున్నావే పిచ్చిదానా! పదో ట్రిప్పుకి వెనక సీట్లన్నీ నిండాయి, పడవ వెనక్కి కుంగింది, చెరువు వెనకగోడ మీద ఇంకా పైకెక్కింది. ఎక్కడిదాకా? ఆ చట్రం పైభాగం దాకా, లెగ్గు బిగించిన ఆ ఇనుప చట్రం నెత్తి దాకా. అక్కడికి తన నీలినీళ్ళు ఇంకా పోనేలేదు!

పడవ కిందినుంచి పాకుతూ బయటపడింది. జుట్టు నిండా మట్టి, చేతులు మోచేతుల దాకా నీలం, చూసేవాడికి భయమేస్తుంది. "ఇంకో యాభై బిందెలు గావాలె!" అంది. హనుమమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "డిపో తొట్టి అడుగంటింది. నల్లా రేపు పొద్దున వస్తది. నా ఒంట్లె నీళ్ళు పిండుమంటవా?" అంది. నీళ్ళు లేవు. పన్నెండు నిమిషాలున్నాయి. నీళ్ళు పెరగవు. పెరగకపోతే ఏం, పడవ వంగితే చాలదా? గ్లాసులో సగం నీళ్ళున్నా గ్లాసుని వంచితే అంచుదాకా రావా? ఎట్టకేలకు నర్సింహమ్మ నవ్వింది, పళ్ళన్నీ కనబడేలా.

"ముక్కు లేపుండ్రి!"

"ఏంది?"

"పడవ ముక్కు లేపుండ్రి! బండి ముందటి కొస లేపి ఇటుకలు పెట్టుండ్రి. నీళ్ళన్ని ఎనక్కొస్తయి. ఇరవై రెండు మంది ఎనక కూసున్నట్టే అయితది!"

"ఏయ్ ఏయ్, అది కంపెనీ ప్రాపర్టీ, తలకిందులైతే ఎవరు బాధ్యులు?" అని బుచ్చిబాబు లేచాడు. "మా తమ్ముడే. ఇంకో కాయితం గొట్టించుకో, రెండిట్ల మీద ఒకేసారి సంతకం పెడ్తడు!" అంది. పడవని మోసే ఆ రెండు చక్రాల బండి ముందు కొసకి తాడు కట్టారు. పక్క లారీ షెడ్డు నుంచి జాకీ వచ్చింది. అంతస్తులకంతస్తులు ఇటుకలు మోసిన ఆడవాళ్ళు వీళ్ళు, నారాయణగూడలో ఎన్ని మేడలు వీళ్ళ నెత్తి మీదుగా పైకెక్కాయో లెక్క లేదు. వీళ్ళకి పడవ ముక్కు ఒక లెక్కా? హనుమమ్మ గొంతెత్తింది, జోర్ లగాకే! అందరూ హైసా! జోర్ లగాకే, హైసా! సందులో పోతున్న హాస్టలు పిల్లలు కూడా పుస్తకాలు గోడ మీద పెట్టి తాడు పట్టారు. ముక్కు లేచింది. ఇటుకలు నాలుగు వరసలు, ఆరు వరసలు, ఎనిమిది. లోపల నీళ్ళు గుబగుబమని వెనక్కి పరిగెత్తిన చప్పుడు. పడవ మూలిగింది. ఎల్లేష్ పైకెక్కి చూసి, "చట్రం మునిగిందక్కా, నెత్తిదాకా!" అని అరిచాడు.

ఈసారి పడుకోలేదు. వెనకగోడకి ఎదురుగా నిలబడింది, ముక్కు ఆనేంత దగ్గరగా. రెప్ప వెయ్యలేదు. బిరడా పొడి. రబ్బరు పొడి. చట్రం కింది అంచు పొడి. పై అంచు. పై అంచున లెగ్గుకి రెండు పక్కలా పరుచుకుని ఇత్తడి పలక, తళతళా మెరుస్తూ, పడవ వెనకాల వచ్చేవాళ్ళందరూ చదువుకునేలా. దాని మీద కంపెనీ ఛైర్మన్‌గారి పేరు, ఇద్దరు డైరెక్టర్ల పేర్లు, కీర్తిశేషులైన ఛైర్మన్‌గారి తండ్రి పేరు. పలక అడుగున, చట్రానికీ పలకకీ మధ్య పూసిన వెండిరంగు లప్పం మీద, ఏదో గీత. వెంట్రుకంత. చూస్తుండగానే ఆ గీత లావయింది. చెమట పట్టినట్టు. తర్వాత ఒక బొట్టు ఉబ్బింది, ఆగింది, వణికింది.

నీలం.

ఒకటి. వెంటనే రెండు. తర్వాత ధార. ఛైర్మన్‌గారి పేరు కింది నుంచి, వాళ్ళ నాన్న పేరు కింది నుంచి, సన్నగా, నీలంగా, ఆగకుండా. నర్సింహమ్మ నోట్లోంచి వచ్చింది మాట కాదు, కేక. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు, ఒకామె కిలకిలా నవ్వుతూనే ఏడ్చింది. ఎల్లేష్ పడవ అంచు మీద నుంచి వంగి చూస్తూ, "పెట్టిన అక్కా! బిరడా పెట్టిన నేను! తిప్పి చూసిన!" అని అదే మాట పదిసార్లు అన్నాడు. ఆమె ధార కింద దోసిలి పట్టింది. నీళ్ళు నిండి పొర్లిపోతుంటే కూడా తీయలేదు.

పానా తెప్పించి లోపలి నుంచి చట్రం పై మరలు రెండూ విప్పించింది. పలక జారి చేతిలోకొచ్చింది. దాని కింది అంచు చట్రం వెనక వేలెడు లోపలికి దూర్చి ఉంది. గోడకీ చట్రానికీ మధ్య మెత్తగా అతుక్కుని ఉండాల్సిన రబ్బరు పట్టీ అక్కడ పలక మందాన ఎడం జరిగి నోరు తెరిచి ఉంది. ఆ నోటికి లప్పం కుక్కి వెండిరంగు కొట్టారు.

బుచ్చిబాబు దగ్గరికొచ్చి చూశాడు. బజ్జీల పొట్లం ఎప్పుడో కింద పడింది. "నేనే చెప్పాను" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "పోయిన నెల వార్షికోత్సవానికి పలక పెట్టాలన్నారు. పడవకి కొత్తగా బొక్కలు కొట్టొద్దు, పాడవుతుందని నేనే ఆపాను. ఉన్న మరలే వదులు చేసి కింద దూర్చి బిగించమన్నాను. పడవ మంచి కోసమే అన్నానమ్మా." అతని మొహం చూస్తే ఒక్క క్షణం జాలేసింది. అబద్ధం కాదు, మంచి కోసమే అన్నాడు. వంగి చూడకుండా అన్నాడు, అంతే. జేబు తడుముకుని, గొంతు తగ్గించి, "సరే, ఈ పలక తీసేద్దాం. పట్టీ మార్పిద్దాం. ఈ కాయితం చింపేస్తాను. ఎవరికీ చెప్పకండి, అందరికీ మంచిది" అన్నాడు. ఫైలులోంచి కాయితం తీసి నిజంగానే రెండు ముక్కలు చేశాడు.

నర్సింహమ్మ ఆ ముక్కల వైపు చూసింది. ఇంతకీ తనకి కావాల్సింది దొరికింది. తమ్ముడు బతికాడు. ఇంటికి పోవచ్చు, తల రుద్దుకోవచ్చు. ఒంట్లో ఉడుకు మాత్రం దిగలేదు, ఇంకా పైకే పోతోంది. ఎందుకని? ఎల్లేష్ పడవ దిగాడు. నవ్వుతున్నవాడు ఒక్కసారిగా నవ్వు ఆపాడు. గోడ గడియారం చూశాడు.

"అక్కా. మిగిలిన మూడు పడవలకు గూడ గవే పలకలున్నయ్. ఒకే దినం పెట్టిన్రు అన్నిటికి."

"యాడున్నయిప్పుడవి?"

"నీళ్ళలనే. ఆదివారం గదా. ఇది లేకపాయె, దీని జనాన్ని గూడ ఆ మూడింట్లనే ఎక్కిస్తుంటరు. ఐదు గొట్టంగ ఆఖరు ట్రిప్పులు. కిక్కిరిసి పోతరు."

బుచ్చిబాబు తల తిప్పాడు. "ఈ టైములో ఆపితే గొడవైపోతుందమ్మా. టికెట్లు అమ్మేశారు. రేపు పొద్దున నేనే స్వయంగా..."

"రేపు లేదు!" నర్సింహమ్మ పలకని అతని ఛాతీకేసి తోసింది, తెల్లచొక్కా నిండా నీలం పడింది. "నీ కాయితం చింపినవని నేను ఊకుంటననుకున్నవా? అదుగో బల్ల మీద ఫోను. ఎత్తు. నంబరు తిప్పు. పేర్లు పీకుడు, పట్టీలేసుడు అన్ని తర్వాత. ఒడ్డు మీద ఎక్కుతున్నోళ్ళను దించుమను, నడుమల ఉన్నోళ్ళను ముందటికి జరిగి కూసొమ్మను, మూడు పడవలను ఒడ్డుకు గుంజుమను. నువ్వు ఎత్తకుంటే నేను ఎత్తుత, నేను ఎత్తితే పోలీసోళ్ళకే పోతది. ఎత్తు సారూ. ఇప్పుడే ఎత్తు!"